కడుపులో మాట దాచుకోవద్దు

‘అంతా కడుపులో దాచుకుంటుంది’ అనే మాటను మనం మెచ్చుకోలుగానే వాడతాం. ఇంటి గుట్టు వీధికెక్కించని ఇల్లాలినీ, అత్తింటి కష్టం పుట్టింటికి చేరవేయని కూతురినీ పెద్దలు అలా పొగుడుతుంటారు. సహనం గొప్ప గుణమే. అయితే అలా దాచుకోకూడని విషయం ఒకటుంది. అది ఆ కడుపులోనే పుట్టే జబ్బు. వైద్యులు దాన్ని అండాశయ క్యాన్సర్ అంటారు.

మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం తరువాత మూడో స్థానం దీనిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 47 వేల మందికి పైగా స్త్రీలలో ఈ జబ్బు కొత్తగా బయటపడింది. అదే ఏడాది సుమారు 33 వేల మంది దీనితో కన్నుమూశారు. అమెరికా లెక్కలు చూస్తే, జబ్బు అండాశయం దాటకముందే దొరికినవారిలో పదిమందికి తొమ్మిదిమంది అయిదేళ్ల తరువాత కూడా బతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తరువాత దొరికితే పదిమందిలో ముగ్గురే మిగులుతున్నారు. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఎక్కువమందికి జబ్బు ముదిరిన తరువాతే తెలుస్తోంది.

ఎందుకిలా జరుగుతోంది? వైద్య గ్రంథాలు చాలాకాలం దీనికి ఒకే జవాబు చెప్పాయి. ఈ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుందనీ, ముదిరేదాకా లక్షణాలేవీ చూపదనీ రాశాయి. ఆ జవాబు సరికాదని ముందుగా చెప్పినవారు ఆ జబ్బును అనుభవించిన స్త్రీలే. వారు ఎలా నోరు విప్పారో, దానివల్ల వైద్యంలో ఏం మారిందో, నగరి వంటి ఊళ్లో ఉన్న మనం వారినుంచి ఏం నేర్చుకోవచ్చో ఈ వారం తెలుసుకుందాం.

రోగులు తీసిన లెక్క

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సిండీ మెలాన్‌కాన్ అనే నర్సు ఉండేవారు. ఆమెకు అండాశయ క్యాన్సర్ వచ్చింది. తనలాంటి బాధితులతో మంచీచెడూ పంచుకోవడానికి ఆమె ‘కాన్వర్సేషన్స్’ పేరుతో ఒక చిన్న పత్రిక నడిపారు. సంభాషణలు అని ఆ పేరుకు అర్థం. ఈ పత్రిక చదివే స్త్రీలు చెప్పే మాటలకూ, వైద్య గ్రంథాల్లో ఉన్న మాటలకూ పొంతన కుదరలేదు. తమకు నెలల తరబడి బాధ ఉండేదనీ, ఎవరికి చెప్పినా పట్టించుకోలేదనీ వారు వాపోయేవారు.

సియాటిల్ నగరంలో స్త్రీల క్యాన్సర్లకు శస్త్రచికిత్స చేసే డాక్టర్ బార్బరా గాఫ్ ఈ మాటలను తోసిపుచ్చలేదు. మెలాన్‌కాన్‌తో చేయి కలిపి, ఆ పత్రిక పాఠకుల ద్వారా ప్రశ్నావళి పంపించారు. 1,725 మంది బాధితులు జవాబులు రాశారు. 2000లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. జబ్బు బయటపడకముందే తమకు లక్షణాలు కనిపించాయని నూటికి 95 మంది చెప్పారు. వారిలో చాలామందికి మొదట పేగుల జబ్బనో, కడుపులో మంటనో, మనోవ్యథనో పేరు పెట్టి మందులిచ్చారట.

ఆ లెక్క వచ్చాక పరిశోధనలు ఆ దారిలో సాగాయి. 2007 జూన్‌లో అమెరికాలోని క్యాన్సర్ వైద్య సంఘాలు ఒక ఉమ్మడి ప్రకటన చేసి, ఈ జబ్బుకు లక్షణాలు ఉన్నాయని అధికారికంగా ఒప్పుకున్నాయి. ఇంగ్లండులో 2011లో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాలు, ఈ లక్షణాలు వదలకుండా ఉన్న స్త్రీకి, ముఖ్యంగా యాభై దాటిన స్త్రీకి, మామూలు డాక్టరే రక్తపరీక్ష చేయించాలని చెప్పాయి. అంటే, ఒక నర్సు నడిపిన చిన్న పత్రిక, దాన్ని చదివే రోగులు రాసిన జవాబులు కలిసి వైద్య గ్రంథాన్ని సరిదిద్దాయన్నమాట. 2013 నుంచి ఏటా మే 8వ తేదీని ప్రపంచ అండాశయ క్యాన్సర్ దినంగా పాటించడం మొదలుపెట్టింది కూడా రోగుల తరఫున పనిచేసే సంఘాలే.

నాలుగు గుర్తులు

ఇంతకూ ఆ లక్షణాలు ఏమిటి? మొదటిది కడుపుబ్బరం. పొట్ట పెరిగినట్లుండి, జాకెట్టు, లంగా నాడా బిగుతు కావడం. రెండోది పొట్టలోగానీ పొత్తికడుపులోగానీ నొప్పి. మూడోది రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్లు అనిపించడం. నాలుగోది మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, ఆపుకోలేకపోవడం.

‘ఇవి మా ఇంట్లో అందరికీ ఉన్నవే కదా!’ అని మీరు అనవచ్చు. నిజమే. ఈ జబ్బులోని మోసం అంతా అక్కడే ఉంది. పెళ్లి విందు తిన్న మర్నాడు కడుపుబ్బరం ఎవరికైనా వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. చూసుకోవలసింది లక్షణం కొత్తదా పాతదా, వచ్చిపోతోందా వదలకుండా ఉందా అన్నదే. ఏడాదిలోపు కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి కనబడుతుంటే అనుమానించాలని గాఫ్ బృందం 2007లో కొలత చెప్పింది.

ఈ కొలత పాటించడానికి చదువు అక్కర్లేదు. మన ఇళ్లలో గోడ క్యాలెండరు మీద పాల లెక్క వేస్తాం. పాలు రాని రోజున సున్నా చుడతాం. అదే క్యాలెండరు మీద, కడుపు బాధ ఉన్న రోజున ఒక గీత గీయండి. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టండి. పన్నెండు దాటితే ఆ క్యాలెండరు కాగితాన్నే డాక్టరు ముందు పెట్టండి. ‘ఎప్పుడో ఒకసారి వస్తుంది సార్’ అని చెప్పిన దానికీ, ‘ఈ నెలలో పదహారు రోజులు ఉంది’ అని చూపిన దానికీ చాలా తేడా ఉంటుంది. రెండో మాటను ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోలేడు.

గ్యాసు బిళ్లలతో గడిచే నెలలు

నగరి, ఏకాంబరకుప్పం ప్రాంతాల్లో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆడవాళ్లు ఇంటిపనితో పాటు కండెలు చుడతారు. ఒకపూట ఆసుపత్రికి వెళితే ఆ పూట కూలి పోతుంది. అందుకే కడుపులో బాధగా ఉందంటే ముందు మందుల షాపులో గ్యాసు బిళ్ల అడుగుతారు. తగ్గకపోతే వీధిలోని ఆర్.ఎం.పి. దగ్గర సూది. ఆ తరువాత కషాయం, పథ్యం. ఇలా నెలలు గడిచిపోతాయి. చివరకు పొట్టలో నీరు చేరి, ఆయాసం వచ్చినప్పుడు బండి కట్టించుకుని తిరుపతికో చెన్నైకో పరుగెత్తుతారు. అప్పటికి ఇంట్లో ఉన్న నాలుగు గ్రాముల బంగారం కూడా కుదువకు చేరి ఉంటుంది.

దీనికి ఆ ఇల్లాలిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమెకు ఈ సంగతి చెప్పినవారెవరు? ప్రభుత్వం ఇంటింటికీ పంపే పరీక్షల్లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను మాత్రమే చూస్తారు. మన రాష్ట్రంలో 2024 నవంబరులో మొదలైన పరీక్షలూ ఈ మూడింటికే. అండాశయం పొట్ట లోతుల్లో ఉంటుంది కనుక అది ఆ పరీక్షలకు అందదు. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసే పాప్ పరీక్షలో కూడా ఇది కనబడదు. కాబట్టి ‘నాకు అన్ని పరీక్షలూ అయ్యాయి, ఏమీ లేదన్నారు’ అనుకుని కడుపుబ్బరాన్ని వదిలేయడం ప్రమాదం.

మరైతే లక్షణాలు లేని ఆడవాళ్లందరికీ ఏటా రక్తపరీక్ష, స్కానింగు చేస్తే పోలేదా? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీల మీద ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అలా చేసినందువల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. అందుకే లక్షణం కనబడినప్పుడు ఆలస్యం చేయకపోవడమే నేటికీ మన చేతిలో ఉన్న దారి. లక్షణాన్ని గుర్తించిన ప్రతివారికీ జబ్బు మొదటి దశలోనే దొరుకుతుందని చెప్పలేం. కానీ తిండి సయించక ఒళ్లు గుల్లయ్యేలోగా, ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి ఉన్నప్పుడే, అప్పులు పెరగకముందే వైద్యం మొదలవుతుంది. అది చిన్న లాభం కాదు.

గర్భసంచి తీసేశారు కదా!

మన రాష్ట్రంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన మరో సంగతి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఇదే ఎక్కువ. ‘క్యాన్సర్ వస్తుందేమో, తీసేస్తే పీడా పోతుంది’ అని భయపెట్టి చేసిన ఆపరేషన్లు కూడా వాటిలో ఉన్నాయి.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. గర్భసంచి తీసి అండాశయాలను ఉంచేస్తే, వాటికి క్యాన్సర్ వచ్చే అవకాశం ఉండనే ఉంటుంది. పోనీ చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బులు తొందరగా రావడం వంటి చిక్కులున్నాయి. కాబట్టి ఆపరేషన్ అయినవారు తమకు ఏం తీశారో, ఏం ఉంచారో ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో చూపించి తెలుసుకోవాలి. ఆ కాగితం మీ హక్కు. దాన్ని రేషన్‌కార్డులాగే భద్రంగా దాచుకోండి.

అడయారు ఆసుపత్రి వెనుక కథ

మన ప్రాంతం వారికి చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రి పేరు కొత్త కాదు. ఆ ఆసుపత్రి కూడా ఒక ఇంటి దుఃఖంలోంచే పుట్టింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన మొదటి మహిళ. అప్పుడు మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆమె చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయారు. తాను స్వయంగా డాక్టరై ఉండి కూడా ఏమీ చేయలేకపోయానన్న బాధ ఆమెను వదల్లేదు. ఎందరో వెనక్కి లాగినా పట్టు విడవక, చందాలు పోగుచేసి, 1954లో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఆసుపత్రిని ప్రారంభింపజేశారు. మరుసటి ఏడాది అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత 2021లో కన్నుమూసేదాకా ఆ సంస్థకే జీవితం అంకితం చేశారు. ఒక అక్క తన చెల్లెలి జబ్బును ఇంటి గుట్టుగా దాచి ఉంటే ఆ ఆసుపత్రే ఉండేది కాదు.

అదే చెన్నైలో మరో పోరాటానికి బీజం పడింది. ముంబయిలో 1969లో ఏర్పడిన క్యాన్సర్ రోగుల సహాయ సంఘం ఒకటుంది. రక్త క్యాన్సర్‌కు వాడే ‘గ్లివెక్’ అనే మందుపై నోవార్టిస్ కంపెనీ పేటెంటు కోరినప్పుడు ఈ సంఘం అడ్డు చెప్పింది. ఆ కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలకు పైగా ఉంటే, మన దేశపు కంపెనీలు అదే మందును పది వేల లోపు అమ్మేవి. పేటెంటు వస్తే ఆ చౌక మందు ఆగిపోతుంది. 2006లో చెన్నైలోని పేటెంటు కార్యాలయం కంపెనీ కోరికను తిరస్కరించింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న రోగులకు అనుకూలంగా తీర్పు వచ్చింది.

2022లో కేరళ హైకోర్టుకు ఒక రొమ్ము క్యాన్సర్ రోగి వెళ్లారు. నెలకు దాదాపు అరవై వేల రూపాయలయ్యే మందు తనకు అందుబాటులోకి తేవాలని కోరారు. వ్యాజ్యం నడుస్తుండగానే ఆమె మరణించారు. అయినా హైకోర్టు ఆ విషయాన్ని మూసివేయక, తానే స్వయంగా చేపట్టింది. ఆమె అడిగిన ప్రశ్న ఆమె తరువాతివారి కోసం నిలిచింది.

సినిమా తార మనీషా కొయిరాలా సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ‘బొంబాయి’, ‘క్రిమినల్’ చిత్రాల ద్వారా తెలుగువారికి పరిచయమైన ఆమెకు 2012లో అండాశయ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ముదిరిన దశ. న్యూయార్కులో ఆపరేషన్, కీమో చికిత్స చేయించుకుని కోలుకున్నారు. తన జబ్బు పేరు దాచుకోకుండా, జుట్టు రాలిన ముఖంతోనే ప్రజల ముందుకు వచ్చి, 2018లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశారు. డబ్బున్నవారికి న్యూయార్కు దొరుకుతుంది, మనకు దొరకదు. కానీ జబ్బు పేరు పలకడానికి డబ్బుతో పనిలేదు.

సిగ్గు ఎక్కడ, ఎంతవరకు?

మన సోదరీమణుల విషయంలో ఒక మాట సూటిగా చెప్పాలి. పొత్తికడుపు, నెలసరి, మూత్రం వంటి మాటలు నోట రావడానికే మనవాళ్లు సిగ్గుపడతారు. కూతురు అమ్మీకి చెబుతుంది, అమ్మీ ఖాలాకు చెబుతుంది, ఇంటి మగవారి చెవిన పడేసరికి నెలలు దాటిపోతాయి. లేడీ డాక్టరు లేదని కొందరు, బుర్ఖాలో ఉన్న మనిషిని మగ డాక్టరుకు ఎలా చూపిస్తామని కొందరు వెనుకాడతారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో మదీనాలోని అన్సారీ స్త్రీలు నెలసరి శుద్ధి గురించిన సందేహాలను సైతం నేరుగా ఆయననే అడిగి తెలుసుకునేవారు. తెలుసుకోవలసినదాన్ని అడగడానికి సిగ్గు వారికి అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (ర) వారిని ప్రశంసించారు. లజ్జ విశ్వాసంలో భాగమని బోధించిన సమాజంలోనే ఇది జరిగిందని గమనించాలి. ప్రాణం మీదికి వచ్చే విషయంలో నోరు మూసుకోవడం లజ్జ అనిపించుకోదు. లేడీ డాక్టరు దొరికితే ఆమెకే చూపించండి. దొరకకపోతే అవసరం మేరకు మగ డాక్టరుకు చూపించవచ్చని ధర్మవేత్తలు చెబుతూనే ఉన్నారు. పరీక్ష సమయంలో తోడుగా మరో స్త్రీ ఉండాలని కోరడం రోగి హక్కు. మంచి ఆసుపత్రుల్లో అదే పద్ధతి.

కీమో తీసుకుంటున్నవారికి రంజాన్ ఉపవాసాల విషయంలో సడలింపు ఉందన్నది అందరికీ తెలిసిన విషయమే. అయినా ‘ఒక్క రోజా కూడా వదలను’ అని పట్టుబట్టి వాంతులతో, నీరసంతో మంచం పట్టేవారున్నారు. ముందుగా డాక్టరును, తరువాత ఆలిమ్‌ను సంప్రదించడం మంచిది. రోగికి ఇచ్చిన సడలింపును వాడుకోవడం భక్తిలో లోటు కాదు.

ఇంకొక భయం సంబంధాలది. ‘తల్లికి క్యాన్సరని తెలిస్తే పిల్లకు నికాహ్ కుదరదు’ అని జబ్బు పేరే బయటకు రానివ్వరు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కలో పడుకున్నా అంటదు. అయితే ఈ దాపరికం వల్ల ఆ పిల్లకే కీడు జరగవచ్చు. అది ఎలాగో చూద్దాం.

మేనత్త సంగతి కూడా చెప్పాలి

అండాశయ క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి వంశపారంపర్యం ఉండదు. కానీ సుమారు 15 శాతం మందిలో ‘బి.ఆర్.సి.ఏ.’ అనే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం కనబడుతోంది. ఈ లోపం ఉన్నవారి సంతానంలో ప్రతి ఒక్కరికీ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. అది తల్లి నుంచే రానక్కర్లేదు, తండ్రి నుంచి కూడా వస్తుంది. మన ఇళ్లలో డాక్టరు అడిగినప్పుడు అమ్మ, అమ్మమ్మ, ఖాలాల పేర్లే చెబుతారు. మేనత్తను, అంటే ఫుప్పీని, నాయనమ్మను మరిచిపోతారు. వారికి రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే అది తప్పక చెప్పవలసిన విషయం.

జబ్బు వచ్చిన స్త్రీకి ఈ జన్యు పరీక్ష చేస్తే ఆమెకు ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఉపకరిస్తుంది. ఆమె కూతుళ్లకు, చెల్లెళ్లకు, అన్నదమ్ముల పిల్లలకు ముందుజాగ్రత్త తీసుకునే వీలు కలుగుతుంది. ఆమె తన జబ్బు పేరు దాచిపెట్టి వెళ్లిపోతే ఆ వీలు కూడా ఆమెతోనే పోతుంది. కూతురి మేలు కోరి దాచిన మాటే కూతురికి ముప్పు తెస్తుందంటే అంతకంటే విషాదం ఏముంటుంది?

డాక్టరును ఏం అడగాలి?

నగరి నుంచి ఒకవైపు తిరుపతి, మరొకవైపు తిరుత్తణి మీదుగా చెన్నై ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్‌లో క్యాన్సర్ విభాగాలున్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో కట్టిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో ప్రారంభమైంది. కాబట్టి చెన్నై దాకా పోలేమని వైద్యమే మానుకోవలసిన పని లేదు.

మొదటి మెట్టు స్కానింగు, ‘సి.ఏ. 125’ అనే రక్తపరీక్ష. ఈ రక్తపరీక్షలో అంకె 35 దాటినంత మాత్రాన క్యాన్సర్ అని బెంబేలెత్తకూడదు. పొట్టలో క్షయ ఉన్నా, గర్భసంచిలో గడ్డలున్నా అది పెరుగుతుంది. మన దేశంలో పొట్టలో నీరు చేరిన క్షయ రోగిని క్యాన్సర్ రోగిగా పొరబడే అవకాశం కూడా ఉంది. అంకె తక్కువగా ఉన్నా లక్షణాలు వదలకపోతే మళ్లీ వెళ్లాలి.

అనుమానం గట్టిపడితే అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇది: ‘ఈ ఆపరేషన్ చేసేది స్త్రీల క్యాన్సర్లలో శిక్షణ పొందిన సర్జనేనా?’ అనుమానమున్న గడ్డను మామూలు నీటిబుడగలాగా చిదిమి తీస్తే క్యాన్సర్ కణాలు పొట్టలో చెదిరిపోయే ప్రమాదం ఉంది. కంటికి కనబడిన జబ్బునంతటినీ తీయగలిగితే రోగి బతికే కాలం పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అందుకే మొదటి ఆపరేషన్ ఎవరిచేత చేయించుకుంటున్నామన్నది ముఖ్యం. ఆ తరువాత సాధారణంగా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే రెండు మందులను మూడు వారాలకోసారి చొప్పున ఆరు విడతలుగా ఇస్తారు. జబ్బు బాగా పాకి ఉంటే కొన్ని విడతలు ముందిచ్చి, తరువాత ఆపరేషన్ చేస్తారు.

ఖర్చు విషయానికి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. అన్ని మందులూ అందులోకి రావు. ఏది వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టాలి అన్నది చేరకముందే ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి, వెంట వెళ్లే ఒకరికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కే పేదవారికి ఇది కూడా ఊరటే.

నలుగురూ కలిస్తే

మన పక్కనే పుత్తూరు ఉంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవాలని పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. కట్టు కట్టించుకున్నవాడు ఇంకొకడికి చెప్పాడు, వాడు మరొకడికి చెప్పాడు. అలా ఆ పేరు ఊళ్లు దాటింది. చేయి విరిగితే ఇంత ధారాళంగా మాట్లాడుకునే మనం, ఆడవాళ్ల కడుపులో గడ్డ గురించి ఎందుకు మాట్లాడుకోలేకపోతున్నాం? క్యాన్సర్ జయించి మన మధ్యే తిరుగుతున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. ‘ఏదో ఆపరేషన్ అయింది’ అని ఊరుకుంటారు తప్ప ఫలానా జబ్బని చెప్పరు. వారు నోరు విప్పితే కొత్తగా జబ్బుపడిన ఇల్లాలికి డాక్టరు చెప్పేదానికంటే ఎక్కువ ధైర్యం వస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలు ఉద్యమమై, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆడవాళ్ల ముచ్చట్లకు అంత శక్తి ఉంది. నగరిలోని డ్వాక్రా సంఘాల్లోనూ, స్త్రీల దీనీ ఇజ్తెమాల్లోనూ నెలకొక గంట ఈ విషయానికి కేటాయిస్తే ఎంత మేలు! ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పిలిచి ఆ నాలుగు గుర్తులు చెప్పించవచ్చు. మస్జిదు కమిటీలు జకాత్ సొమ్ములో కొంత భాగాన్ని వైద్యం కోసం అప్పులపాలైన నిరుపేదల దారిఖర్చులకు, పరీక్షలకు చేర్చవచ్చు. పేదలూ, అప్పుల్లో చిక్కినవారూ జకాత్‌కు అర్హులేనన్నది తెలిసిందే.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఇచ్చే డే కేర్ కేంద్రాలను మూడేళ్లలో దేశమంతటా పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ కేంద్రం మన జిల్లాలో ఎక్కడ, ఎప్పుడు వస్తుందని రోగులే సంతకాలు పెట్టి అడగాలి. లక్షణాలు వదలని స్త్రీకి స్కానింగు, రక్తపరీక్ష ప్రభుత్వాసుపత్రిలోనే ఉచితంగా చేయాలని కోరాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పది మంది రోగులు, వారి ఇంటివారు కలిసి వెళ్లి ఇచ్చిన అర్జీకి ఉండే బరువు ఒంటరి కన్నీటికి ఉండదు.

మగవారికి కూడా ఒక మాట. ఇంట్లో భార్య అన్నం సగంలో వదిలేసి లేస్తుంటే, ‘ఏమైంది?’ అని అడగండి. అమ్మీ రాత్రిపూట నాలుగుసార్లు లేస్తుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. ఎన్నాళ్లుగా ఇలా ఉందో అడిగి, గోడమీద క్యాలెండరులో ఈ రోజు నుంచే గీత పెట్టడం మొదలుపెట్టండి. గీతలు ఎక్కువైతే ఒక రోజు మగ్గం ఆపి అయినా సరే, ఆమెను ఆసుపత్రికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.